ఆగితే మరిగే బండి

జిల్లా తాప నివారణ సంస్థలో ఫ్యాన్లు ఆగిపోయింది సరిగ్గా వేసవిలోనే. కరెంటు పోయి కాదు, విద్యుత్ పొదుపు పక్షోత్సవాలు వచ్చి.

చలివేంద్రాలు పెట్టించడం, మజ్జిగ పంచడం, ఎండలో తిరగవద్దని జనాన్ని ఎండలో నిలబెట్టి చెప్పడం ఆ సంస్థ పనులు. అలాంటి సంస్థ పొదుపులోనూ ముందుండాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. పక్షోత్సవాలన్నాక పక్షంతో అయిపోవాలి. కానీ ముగించమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు గనక ఆఫీసు మేనేజరు ఫల్గుణరావు గారు వాటిని వేసవి పొడుగునా కొనసాగించారు.

ఫల్గుణరావు గారు చెడ్డవారు కాదు. లంచం ముట్టరు, ఎవర్నీ కసరరు, చెప్పిన పని చెప్పినదానికంటే ఎక్కువ చేస్తారు. చిక్కంతా అక్కడే. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: మనిషి కూర్చోని చోట ఫ్యాన్ తిరగకూడదు. తిరుగుతూ కనబడితే దాని ఫ్యూజు పీకి స్వాధీనం చేసుకుంటారు. టీ తాగడానికి లేచిన గుమాస్తా తిరిగొచ్చేసరికి అతని ఫ్యాన్ ఆగి ఉండేది. దాంతో అందరూ టీకి లేవడం మానేశారు. దాన్ని కూడా ఆయన పొదుపు కిందే వేసుకున్నారు. అయినా మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు లేవక తప్పదు గదా, కొద్ది రోజుల్లోనే ఆఫీసంతా నిశ్శబ్దమైపోయింది. ఫ్యూజు తిరిగి కావాలంటే, ఆ ఫ్యాను వద్ద ఫలానా మనిషి కూర్చుని ఉంటాడని, ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ లేవడని పూచీ ఇవ్వాలి. అంత పూచీ పడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

జిల్లా తాప నివారణాధికారిణి ఇందీవరాక్షి గారి గదిలో ఫ్యాన్ కూడా ఆవిడ ఒకసారి ఫోను మాట్లాడుతూ వరండాలోకి వెళ్లినప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. అంటే పొదుపుకు వ్యతిరేకులని పైకి రాస్తారు. ఫైళ్లు తీసుకుని నేరుగా పోర్టికోలోకి వెళ్లి, అక్కడ నిలబెట్టి ఉన్న ఆఫీసు కారెక్కి, వెనక సీట్లో కూర్చుని ఏసీ వేయించుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ గది అదే అయింది.

ఆ కారును నడిపేవాడు నూకరాజు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. కారును చూపించి పోస్టు ఇచ్చారు గనక కారు ఉన్నన్నాళ్లే నూకరాజు ఉంటాడు. కారు పనికిరాదని ఎవరైనా తేల్చిన రోజున నూకరాజు కూడా పనికిరాడు. ఈ సంగతి అతను చేరిన రోజే కాగితం మీద చదివి వినిపించారు. అప్పట్నుంచీ అతను కారును సొంత బిడ్డకంటే ఎక్కువగా చూసుకున్నాడు. పొద్దున్నే తుడుస్తూ దానితో మాట్లాడేవాడు, మొరాయిస్తే మందలించేవాడు, శుక్రవారం చక్రం కింద నిమ్మకాయ పెట్టడం మానేవాడు కాదు.

ఆ కారు ఇంజను ఆఫీసు వేళల్లో ఆపడానికి వీల్లేదు. దానికీ ఓ చరిత్ర ఉంది. ఒకప్పుడు మంత్రిగారు వచ్చి బయల్దేరబోయే సమయానికి అధికారి గారి కారు స్టార్టు కాలేదు. ఆఫీసు ఆఫీసంతా దిగి తొయ్యాల్సి వచ్చింది. ఆ ఫొటో పేపర్లో పడింది. మర్నాడే 'విధి నిర్వహణ వేళల్లో అధికార వాహనపు ఇంజనును ఎట్టి పరిస్థితులలోనూ ఆపరాదు' అని సర్క్యులరు వచ్చింది. ఆ మంత్రిగారు మాజీ అయ్యారు, అప్పటి కారు పాత ఇనుముకు పోయింది, సర్క్యులరు మాత్రం ఆరోగ్యంగా ఉంది. కాబట్టి పోర్టికోలో కారు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గుర్రుమంటూ నిలబడి ఉండేది. ఏళ్ల తరబడి అలాగే ఉంది, ఎప్పుడూ ఏమీ కాలేదు.

మరి ఆ వేసవిలో ఏమొచ్చిందో ఏమో, బస్టాండు జంక్షన్లో చలివేంద్రం ప్రారంభోత్సవం నాడు కారు మరిగిపోయింది.

మేడమ్ గారు రిబ్బను కత్తిరించి, వడదెబ్బ మీద ప్రసంగం అందుకున్నారు. కారు పక్కనే ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది. నూకరాజు చూస్తూండగానే వేడి చూపించే ముల్లు మధ్యలోంచి లేచి ఎర్రగీత దాకా ఎగబాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. నూకరాజుకు పై ప్రాణాలు పైనే పోయాయి. సర్క్యులరు గుర్తొచ్చినా ఆగలేక తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కాస్త చల్లారనిచ్చి, గోనెపట్టా అడ్డంపెట్టి రేడియేటర్ మూత తిప్పి, చేతికందిన నీళ్లు పోశాడు. చేతికందినవి చలివేంద్రం కుండల్లోని నీళ్లు. దాహంతో వరసలో నిలబడిన జనం చెంబులు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. చలివేంద్రంలో మొదట దాహం తీర్చుకున్నది సర్కారీ కారేనని కింద రాశారు. ఫల్గుణరావు గారు నూకరాజును పిలిచి నిలబెట్టారు.

"ఇంజను ఆపావా?"

"ఆపాను బాబూ. ఆపకపోతే కాలిపోతాది గదా."

"సర్క్యులరులో ఏముంది?"

"ఆపరాదనుంది బాబూ."

"కాలరాదని ఉందా?"

"నేదు బాబూ."

"మరి! ఆ సర్క్యులరు ఇంజను నడకను కాపాడుతుంది నూకరాజూ, ఇంజనును కాదు. సరే, మొదటి తప్పు కింద వదిలేస్తున్నాను. ఇంతకీ దానికి జబ్బేమిటి?"

"అదే తెల్దు బాబూ. నడుస్తున్నంతసేపూ సుబ్బరంగా ఉంటాది. ముల్లు కదల్దు. ఆగిందంటే సాలు, మరిగిపోతాది."

"మెకానిక్కులు చెబుతారులే," అన్నారు ఫల్గుణరావు గారు. "కాకపోతే పద్ధతి ప్రకారం చెబుతారు."

పద్ధతి ఏమిటంటే, ముగ్గురు మెకానిక్కుల దగ్గర కొటేషన్లు తీసుకోవాలి. ముగ్గురూ వచ్చారు. వారిలో కాసిం అనే అతను వస్తూనే బానెట్ మీద చెయ్యి వేశాడు. ఫల్గుణరావు గారు ఆ చెయ్యి మర్యాదగా తీసి పక్కన పెట్టారు.

"ఎత్తకూడదు."

"ఎత్తకపోతే ఎట్టా చెప్పేది సార్, రోగమేంటో?"

"ఎత్తి చూసినవాడికి చూడనివారికంటే సమాచారం ఎక్కువ ఉంటుంది. అది ఆరోగ్యకరమైన పోటీకి భంగకరం."

"అయితే ముగ్గురం చూస్తాం సార్."

"ముగ్గురూ చూస్తే ముగ్గురూ ఒకటే చెబుతారు. అప్పుడు కుమ్మక్కయ్యారంటుంది ఆడిట్."

ముగ్గురూ కారు చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఒకతను బానెట్‌కు చెవి ఆనించి విని, రేడియేటర్ పూడుకుపోయిందన్నాడు. రెండో అతను కిందికి వంగి చూసి, వాటర్ పంపు పోయిందన్నాడు. కాసిం విసుగెత్తి ఆకాశం కేసి చూసి, రేడియేటర్ మూత లూజన్నాడు. అన్నిటికంటే చవక మూతే గనక కారు జబ్బు మూతేనని కమిటీ నిర్ధారించింది. సాయంత్రం ఆఫీసు వేళ దాటాక, చల్లారిన ఇంజనుకు కాసిం కొత్త మూత బిగించాడు. ఇంకేమైనా చూడబోతే, మీ ఆర్డరు మూత వరకేనని గుర్తుచేశారు. అతను చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త మూతతో కారు మళ్లీ మరిగింది. ఈసారి పోర్టికోలోనే, మేడమ్ గారు వెనక సీట్లో ఉండగానే. ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని దిగి పరుగెత్తారు.

"మళ్లీ మెకానిక్కును పిలవండి," అన్నారు ఆవిడ, రొప్పుతూ.

"వీల్లేదు మేడమ్," అన్నారు ఫల్గుణరావు గారు. "ఒకసారి మరమ్మతైన లోపం నయమైనట్టుగా భావించవలెను. అదే లోపం ఏడాది లోపల మళ్లీ ఉన్నట్టు మనం ఒప్పుకుంటే, మొదటి మరమ్మతు వృథా ఖర్చని ఒప్పుకున్నట్టే. కాబట్టి సాంకేతికంగా ఈ వాహనం మరగడం లేదు."

సాంకేతికంగా మరగని ఆవిరి వారిద్దరి మధ్యనుంచి పైకి పోతూంది.

ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద సమీక్షా సమావేశం జరిగింది. లోపల ఉక్కపోతకు కూర్చోలేక చెట్టు కింద పెట్టారు. నూకరాజును కూడా పిలిచి, బండి ఎప్పుడు మరుగుతుందో, ఎప్పుడు మరగదో మరోసారి చెప్పమన్నారు. అతను చెప్పాడు. నడిస్తే మరగదు, ఆగితే మరుగుతుంది. ఫల్గుణరావు గారు కళ్లు మూసుకుని విన్నారు. తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతూంది.

"మేడమ్, ఇంజను ఆపడానికి సర్క్యులరు ఒప్పుకోదు. బండి ఆపడానికి ఇంజను ఒప్పుకోదు. ఈ రెండింటికీ భంగం రాని మార్గం ఒక్కటే ఉంది. బండి ఆగకూడదు."

చెట్టు మీద కాకి మాత్రం ఏదో అంది.

"ఎంతసేపు?" అన్నారు మేడమ్ గారు నెమ్మదిగా.

"విధి నిర్వహణ వేళలన్నీ. దీనికి నిరంతర చలన విధానమని పేరు పెట్టవచ్చు. ఆఫీసు చుట్టూ దారి ఎలాగూ ఉంది."

"మరి పెట్రోలు? ఇవి పొదుపు రోజులు గదా?"

"మన పక్షోత్సవాలు విద్యుచ్ఛక్తికి సంబంధించినవి మేడమ్. పెట్రోలు వేరే పద్దు."

మేడమ్ గారికి నిజానికి నవ్వొచ్చింది. నవ్వితే తీర్మానంలో రాస్తారని ఊరుకున్నారు. పైగా తిరుగుతున్న కార్లో ఏసీ ఉంటుంది. ఆవిడ సంతకం చేశారు.

అలా నూకరాజు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మెల్లగా తిరిగితే ముల్లు లేస్తుంది గనక కాస్త వేగంగానే తిరగాలి. పోర్టికో దగ్గర మాత్రం ఒక్క క్షణం జోరు తగ్గిస్తాడు. ఆ క్షణంలోనే మేడమ్ గారు ఎక్కాలి, దిగాలి. మొదట్లో ఆవిడ చెప్పు జారిపోయేది. నాలుగైదు రోజులకు పల్లెవెలుగు బస్సు కండక్టరులా ఒడుపుగా ఎక్కడం వచ్చేసింది. గుమాస్తాలు ఫైలు పట్టుకుని కారు వెంట పరుగెత్తి కిటికీలోంచి అందించేవారు. ఆవిడ ఒక చుట్టులో చదివి రెండో చుట్టులో సంతకం పెట్టి బయటకు విసిరేవారు. ఆయాసం ఉన్న హెడ్ గుమాస్తా ఫైళ్లు పెండింగులో పడ్డాయి. అర్జీదారులు దారి పొడుగునా నిలబడి, ఒక చుట్టుకు ఒక వాక్యం చొప్పున తమ కష్టం చెప్పుకునేవారు. మా ఊళ్లో చలివేంద్రం లేదు తల్లీ, అని ఒక చుట్టు. ముసలోళ్లు పడిపోతన్నారు తల్లీ, అని ఇంకో చుట్టు. జనం నెమ్మదిగా దానికే అలవాటుపడ్డారు. ఆగి వినని అధికారి కంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే అధికారి నయమనుకున్నారు పాపం.

చలివేంద్రాల ప్రారంభోత్సవాలు కూడా ఆగలేదు. రోడ్డుకు అడ్డంగా రిబ్బను కట్టేవారు. కారు దాన్ని తెంపుకుంటూ పోయేది. వెనకనుంచి చప్పట్లు వినబడేవి. ఒక చోట కొబ్బరికాయ కూడా చక్రం కిందే కొట్టించారు.

మిగతా వాళ్లకు ఇది తమాషా. నూకరాజుకు కాదు. అతనికి నడుం పట్టేసింది, ఎడమవైపే తిరిగి తిరిగి మెడ అటే ఉండిపోయింది. పైగా పొదుపు నియమం ప్రకారం మేడమ్ గారు కార్లో ఉంటేనే ఏసీ. ఆవిడ లేనప్పుడు అతను వేడిగాలిలో ఒంటరిగా తిరగాలి. మధ్యాహ్నం అతని భార్య అప్పలనరసమ్మ క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. కారు వచ్చినప్పుడు కిటికీలోంచి అన్నం గిన్నె ఇచ్చేది, తర్వాతి చుట్టులో పులుసు గిన్నె.

"ఏటయ్యా ఈ సంత?" అంది ఒకరోజు, కారు వెంట పరుగెడుతూ. "దిగి నాలుగు మెతుకులు తినడానికేటి నీకు?"

"దిగితే బండి మరుగుతాదే!"

"నీ కడుపు మరిగిపోతంది, అది కనబడ్దా?"

ఆ మాటకు జవాబు చెప్పేలోపే మలుపు వచ్చేసింది. చుట్టు తిరిగి వచ్చేసరికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కనబడింది. నూకరాజుకు గుండె చివుక్కుమంది. కారు పోతే తన ఉద్యోగం పోతుందని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ఈ వయసులో తన చేతికి ఇంకొకరు స్టీరింగు ఇస్తారా? ఆ భయమే అతన్ని రోజంతా తిప్పుతూంది.

ఇలా ఉండగా రాష్ట్ర కార్యాలయం నుంచి డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. రైలు దిగగానే కదిలే కారులోకి ఎక్కమంటే ఆయనకు మొదట అర్థం కాలేదు. విధానం గురించి విన్నాక చాలా సంతోషించారు. "అంటే పరిపాలన పరుగులు పెడుతోందన్నమాట," అని తన మాటకు తనే మురిసిపోయారు. ఎక్కి కూర్చున్నారు. కారు ఊళ్లోకి పోతూండగా గోధూళిపేట రైల్వే గేటు పడింది.

గేటుకు నిరంతర చలన విధానం సంగతి తెలియదు. ముందు లారీ, వెనక ఆటోలు, పక్కన మామిడికాయల బండి. నూకరాజు కదలడానికి అంగుళం చోటు లేదు. గూడ్సు బండి ఒకటి తీరిగ్గా పోతూంది. ముల్లు లేచింది. నూకరాజు ఇష్టదైవాలందరికీ మొక్కుకున్నాడు. ఆవిరి బుసకొట్టింది. డైరెక్టరు గారు తలుపు తీసుకుని, మామిడికాయల బండి మీదుగా దాటి బయటపడ్డారు. ఆయన తెల్ల ప్యాంటు మీద జీడి మరక పడింది. అది ఉతికితే పోయే మరక కాదు.

ఆ సాయంత్రమే ఆదేశం వచ్చింది. 'సదరు వాహనమును నిరుపయోగమైనదిగా ప్రకటించుటకును, తదనుబంధమైన డ్రైవరు పోస్టును రద్దుపరచుటకును రేపటి దినమున కమిటీ సమావేశమగును. వాహనమును నిలిపి ఉంచి, అది మరిగిన పిదప తీర్మానము చేయబడును.'

నూకరాజు కాగితం చదివించుకుని విన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి కారును ఎప్పటికంటే శుభ్రంగా కడిగాడు. ఆ రోజు దాన్ని మందలించలేదు. "నీ తప్పేటీ నేదులే," అన్నాడు బానెట్ మీద చెయ్యేసి. "నిన్నాపి పీక్కుతింటన్నారు."

డైరెక్టరు గారు కొత్త ప్యాంటుతో వచ్చారు. పోర్టికోలో కుర్చీలు వేశారు. కారు ఇంజను నడుస్తూంది. నూకరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మరిగేదాకా కమిటీ వారు చెయ్యగలిగిందేమీ లేదు. ముల్లు ఇంకా మధ్యలోనే ఉంది. అందరూ దానికోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఫల్గుణరావు గారు తమ పొదుపు సాధనలను డైరెక్టరు గారికి చూపించదలచారు. లోపలి నుంచి ఒక గాజు పెట్టె తెప్పించారు. అందులో ఆయన పీకిన ఫ్యూజులన్నీ ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పేర్చి ఉన్నాయి.

"ఇది మేడమ్ గారి గదిలోది సార్. ఇది మీటింగు హాల్లోది. ఇది నా సొంత ఫ్యాన్‌ది, ఆదర్శంగా ఉండాలని మొదట నాదే తీశాను."

"శభాష్," అన్నారు డైరెక్టరు గారు చెమట తుడుచుకుంటూ. "మరి ఇదేమిటి, చిన్నగా ఆకుపచ్చగా ఉంది?"

ఫల్గుణరావు గారు గర్వంగా గాజు మీద వేలు ఆనించి చూపించారు. "అన్నిటికంటే కష్టపడి పట్టింది ఇదే సార్. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. ఈ పోర్టికోలో పురుగు లేదు. అయినా ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. పైకి చూస్తే ఫ్యాన్ లేదు. గోడకు లేదు. చప్పుడు వెంట పడి వెతగ్గా వెతగ్గా, చివరికి ఈ కారు బానెట్ లోపల దొరికింది. నిక్షేపంలా తిరుగుతోంది సార్, దాని ముందు మనిషన్నవాడు లేడు! పక్కనే ఓ నల్లపెట్టె, మూత తీసి చూస్తే దాని మీద ఫ్యాన్ బొమ్మ కూడా వేసి ఉంది. అంత బాహాటంగా! వెంటనే పీకేశాను."

కార్లోంచి నూకరాజు దిగ్గున లేవబోయి తల టాపుకు కొట్టుకున్నాడు.

"బాబూ!" అని అరిచాడు కిటికీలోంచి. "ఆ ఫ్యానా తీసేశారు? అదే గదా బాబూ ఇంజనుకి గాలి! నడిచేటప్పుడు గాలి ఎదురొచ్చి కొడతాది. ఆగినప్పుడు ఆ ఫ్యానే గతి. నేనేమో మరిగాక ఇంజను ఆపేసి బానెట్ ఎత్తీవోణ్ని. ఆగిన ఇంజనులో ఫ్యాన్ తిరగనేదంటే ఎవడికి డౌటొస్తాది!"

మేడమ్ గారు కుర్చీలోంచి లేచారు. రిబ్బన్లు, పరుగులు, జారిన చెప్పులు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అది వెంటనే తిరిగి పెట్టేయండి," అన్నారు.

"పెట్టవచ్చు మేడమ్," అన్నారు ఫల్గుణరావు గారు ఏ మాత్రం తొణక్కుండా. "నిబంధన ప్రకారం లబ్ధిదారు ఎవరో చెబితే చాలు. ఆ ఫ్యాను వద్ద ఎవరు కూర్చుంటారు?"

"ఇంజనండీ!"

"ఇంజను సిబ్బంది కాదు."

డైరెక్టరు గారు ఆలోచనలో పడ్డారు. మనిషి లేనిదే ఫ్యాన్ లేదన్న ఆ నిబంధనను ఆదర్శంగా తీసుకోమని ఆయనే రాష్ట్రమంతటికీ పంపి ఉన్నారు. దాన్ని ఇప్పుడు ఇక్కడ మీరితే మిగతా జిల్లాల్లో ఫ్యాన్లన్నీ తిరగడం మొదలెడతాయి. ఇటు చూస్తే ముల్లు లేస్తూంది. నూకరాజు దాన్నీ చూశాడు, గాజు పెట్టెనూ చూశాడు. తన బతుకంతా ఆ ఆకుపచ్చ ముక్కలో ఉంది. ఫల్గుణరావు గారితో అన్నాళ్లు తిరిగిన మనిషి గనక, ఆయన బుర్ర ఏ దారిన నడుస్తుందో అతనికి కొద్దిగా అలవాటైంది.

"బాబూ, ఆ ఫ్యాన్‌కి ఎదురుగుండా కూకునేది ఎవరు? నేనే గదా!"

అందరూ అటు తిరిగారు.

"సూడండి. అది నా యేపే తిరిగుంటాది. నేను దాని యేపే సూసుకుంటూ కూకుంటాను. ఆ గాలికి ఎదురుగా ఉన్న మడిసిని నేనే."

"మధ్యలో ఇంజను అడ్డం ఉంది," అన్నారు ఫల్గుణరావు గారు. కాని ఆయన కళ్లలో ఆసక్తి కనబడింది.

"దోమతెర కట్టుకుంటే ఫ్యాన్ కింద పడుకున్నట్టు కాదా బాబూ?"

ఫల్గుణరావు గారు కారు ముందుకు వెళ్లి వంగి చూశారు. వెనక్కి వెళ్లి నూకరాజు భుజం మీదుగా చూశారు. టేపు తెప్పించి కొలిచారు. డైరెక్టరు గారితో చెవిలో మాట్లాడారు. ఈలోగా ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. తొందరేమీ లేనట్టు కమిటీ చర్చ సాగుతూంటే నూకరాజు స్టీరింగును గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అంగీకారయోగ్యమే," అన్నారు చివరికి డైరెక్టరు గారు. "మధ్యలో ఉన్న వస్తువును ఇంజనుగా కాక అడ్డుతెరగా పరిగణించవచ్చును. కాని లబ్ధిదారు పూచీ ఇవ్వాలి. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ సీటు వదలకూడదు."

"ఒదల్ను బాబూ," అన్నాడు నూకరాజు. "మీరు పొమ్మన్నా ఒదల్ను."

ఫల్గుణరావు గారు గాజు పెట్టె తాళం తీసి, ఆకుపచ్చ ఫ్యూజును స్వయంగా దాని చోట నొక్కారు. బానెట్ లోపల ఏదో దులుపుకుని లేచినట్టయింది. బుర్రుమని ఫ్యాన్ తిరిగింది. ముల్లు గీత దగ్గర తటపటాయించి, నెమ్మదిగా వెనక్కి జారి మధ్యలో కూర్చుంది. కమిటీ వారు చాలాసేపు చూశారు. అది మళ్లీ లేవలేదు. నూకరాజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదిమందిలో ఏడవడం ఎందుకని చెమటతో కలిపి తుడిచేసుకున్నాడు.

వారం తిరక్కుండానే కొత్త ఆర్డరు వచ్చింది. కారు రద్దు ప్రతిపాదన విరమించారు. డ్రైవరు పోస్టును వాహనపు పద్దు నుంచి తప్పించి ఫ్యాన్ పద్దులో చేర్చారు. హోదా: ఫ్యాన్ లబ్ధిదారు. ఇక కారు పాతబడినా నూకరాజు పాతబడడు. అంతకంటే అతనికేం కావాలి? కాసిం దారిలో కనబడి జబ్బేమిటో తేలిందా అని అడిగితే, "మడిసి కూకోనేదట," అన్నాడు నూకరాజు.

మేడమ్ గారు ఆ రోజు నుంచి నిలబడి ఉన్న కారులోనే హాయిగా కూర్చుని ఫైళ్లు చూస్తున్నారు. మధ్యాహ్నం మాత్రం భోజనానికి ఇంటికి వెళతారు. అప్పుడు ఏసీ ఆగుతుంది. ఇంజను ఆగదు, సర్క్యులరు ఒప్పుకోదు. ఇంజను ఆగదు గనక ఫ్యాన్ తిరుగుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది గనక నూకరాజు లేవడు.

మొదటి రోజు మధ్యాహ్నం అప్పలనరసమ్మ క్యారేజీ తెచ్చింది. పరుగెత్తే పని లేదు గనక నింపాదిగా వచ్చి, తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది. సర్కారీ కారెక్కడం ఆమెకు అదే మొదటిసారి. సీటు ఒకసారి నిమిరి చూసుకుంది. తర్వాత మొగుడి వంక చూసింది. అతని చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది.

"ఆఫీసు మొత్తానికీ నీ ఒక్కడికే ఫ్యానిచ్చారన్నావు?"

"అవునే. కాయితం కూడా ఇచ్చారు."

"ఏదయ్యా మరి గాలి?"

"గాలి ఇంజనుకే. కాయితం నాకు."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముద్ద కలిపి అతని చేతిలో పెట్టింది. డాష్‌బోర్డు మీదున్న ఆర్డరు కాపీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, అతని మొహం మీద మెల్లగా విసరడం మొదలుపెట్టింది. నూకరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకో బండి ఆగి ఉండగా అన్నం తింటున్నాడు. కళ్లు అరమూసుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కిటికీ దగ్గర నీడ పడింది. ఫల్గుణరావు గారు. ఆయన ఒక చెవి బానెట్ వైపు పెట్టి విన్నారు. తర్వాత అప్పలనరసమ్మ చేతిలోని కాగితాన్ని చూశారు.

"నూకరాజూ," అన్నారు, నొచ్చుకుంటూనే. "ఒక లబ్ధిదారుకు ఒకటే. రెండు తిరుగుతున్నాయి. ఏదో ఒకటి ఆపాలి మరి."

నూకరాజు ముల్లు కేసి చూశాడు. అది మధ్యలో చల్లగా కూర్చుని ఉంది. పెళ్లాం కేసి చూశాడు. ఎంగిలి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని, విసరడం ఆపించాడు.